ఒక తాళము, ఒక చెవి, ఒక మహనీయుడు

కణములు ఒకదానికొకటి కబురు ఎట్లా అందజేస్తాయో తరగతిలో చెబుతూ, ఒకనాడు నేను 2011లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనాపత్రము మొదటి పుటను విద్యార్థులకు చూపించాను. ఆ పుట మీద శీర్షిక కింద ఇరవై పేర్లు ఉన్నవి. గిద్దలూరు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక విద్యార్థి ఆ పేర్లను లెక్కపెట్టి, లేచి నిలబడి, “వీళ్లలో కనిపెట్టినాయన ఎవరు సార్?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు తరగతిలో కొందరు నవ్వారు. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు అడిగినది తప్పు కాదు. ఒక సంగతిని ఒకరే కనిపెడతారని అతనికి మనమే నేర్పినాము. పాఠ్యపుస్తకములలోను, వార్షికోత్సవ ఉపన్యాసములలోను, పత్రికలలో మనము వ్రాసే వ్యాసములలోను విజ్ఞానశాస్త్ర చరిత్ర అంతా మహనీయుల బొమ్మల వరుసగానే కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మ కింద ఒక్కొక్క సంగతి. ఆ వరుసలో ఇరవై పేర్లు గల పుటకు చోటు లేదు.

ఇదే అలవాటు మనము శాస్త్ర విషయమును వివరించే తీరులో కూడ ఉన్నదని ఈ వ్యాసములో చూపదలచినాను. కణమునకు కబురు అందే విధానమును మనము సాధారణముగా ‘తాళము–తాళపుచెవి’ అనే ఉపమానముతో ముగిస్తాము. హార్మోను చెవి, కణము మీది గ్రాహకము తాళము, చెవి పెట్టగానే తలుపు తెరుచుకొన్నది. కణములో ఒక చెవి, ఒక తాళము. పరిశోధనలో ఒక మహనీయుడు. రెండు కథలలోను నడిమివారు మాయమైపోయినారు. నిజమునకు రెండు చోట్లా పని జరిగేది నడిమివారి వల్లనే. ఈ విమర్శ ఇతరుల మీద మాత్రమే కాదు. పదేళ్లుగా నేనూ అదే విధముగా పాఠము చెప్పినాను.

కబురు నడిచే దారి

ముందు విషయము తెలియవలెను. పొలము గట్టు మీద నడుస్తూ కాలి దగ్గర పామును చూచిన మనిషిని తలచుకొనండి. క్షణములో గుండె దడదడలాడుతుంది. మూత్రపిండముల పైన ఉన్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిను అనే హార్మోనును రక్తములోకి వదులుతాయి. అది కాలేయమును చేరగానే అక్కడ నిలువ ఉన్న గ్లైకోజను విడిపోయి, గ్లూకోజు రక్తములోకి వస్తుంది. పరుగెత్తుటకు కావలసిన ఇంధనము అదే.

అయితే ఎడ్రినలిను కాలేయ కణము లోపలికి పోయి గ్లైకోజనును తాకదు. అది కణము వెలుపలి పొర దగ్గరనే ఆగిపోతుంది. మరి లోపలి పని ఎట్లా జరిగినది? అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరములో ఎర్ల్ సదర్లాండ్, థియొడోర్ రాల్ అనేవారు 1957, 1958లలో ఈ ప్రశ్నకు మొదటి సమాధానము చెప్పారు. కాలేయ కణములను నలగగొట్టి, పొర ముక్కలను వేరుచేసి, వాటికి హార్మోనును తగిలించగా ఒక చిన్న పదార్థము పుట్టినది. దానిని కాచినా చెడదు. ఆ పదార్థమును మాత్రమే మిగిలిన కణరసములో కలిపితే, హార్మోను లేకుండానే పని జరిగిపోయినది. దానికి సైక్లిక్ ఏ.ఎం.పి. అని పేరు. వెలుపలి హార్మోను మొదటి దూత అయితే ఇది రెండవ దూత. సదర్లాండుకు 1971లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇంతలో సియాటిల్ నగరములో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ గారలు గొలుసు రెండవ కొసను పట్టుకొన్నారు. గ్లైకోజనును విడగొట్టే ఎంజైమునకు రెండు రూపములు ఉన్నవని, ఏ.టి.పి. నుంచి ఒక ఫాస్ఫేటు వచ్చి దానికి అతుక్కొంటే అది పనిలోకి దిగుతుందని, ఆ ఫాస్ఫేటును తీసివేస్తే మరల మందగిస్తుందని 1955లోను, ఆ తరువాతను వారు చూపారు. ఫాస్ఫేటును అతికించే ఎంజైములకు కైనేజులని పేరు. మానవ దేహములో ఇట్టివి సుమారు 500 రకములు కలవు. వీరిద్దరికీ బహుమానము 1992లో వచ్చినది.

మధ్యలో మరొక ఖాళీ ఉన్నది. వెలుపల హార్మోను గ్రాహకమును తాకితే, లోపల సైక్లిక్ ఏ.ఎం.పి.ని తయారుచేసే ఎంజైమునకు ఆ సంగతి ఎవరు చెబుతారు? మార్టిన్ రాడ్‌బెల్, ఆయన సహచరులు దీనికి జి.టి.పి. అనే పదార్థము అవసరమని 1971 ప్రాంతములో కనుగొన్నారు. కొన్ని ప్రయోగములలో అది వేయకున్నా పని జరగడము చూచి వారు మొదట తికమక పడ్డారు. చివరికి తేలినదేమనగా, వారు వాడిన ఏ.టి.పి.లోనే జి.టి.పి. మలినముగా కలిసి ఉన్నది. జి.టి.పి.ని పట్టుకొని పనిచేసే ఆ మధ్యవర్తి ప్రోటీనును తరువాత ఆల్ఫ్రెడ్ గిల్మన్ ప్రయోగశాలలోని వారు శుద్ధి చేశారు. వాటికి జి-ప్రోటీనులని పేరు వచ్చినది. 1994 బహుమానము గిల్మన్, రాడ్‌బెల్ గారలకు దక్కినది.

ఇప్పుడు వరుసగా చెప్పుకొందాము: ఎడ్రినలిను, గ్రాహకము, జి-ప్రోటీను, సైక్లిక్ ఏ.ఎం.పి.ని చేసే ఎంజైము, సైక్లిక్ ఏ.ఎం.పి., ఒక కైనేజు, మరొక కైనేజు, గ్లైకోజనును విడగొట్టే ఎంజైము, చివరకు గ్లూకోజు. చేతి నుంచి చేతికి ఇన్ని మార్పులు. ప్రతి మార్పు దగ్గర కబురు బలపడుతుంది. పొర దగ్గర కొద్ది అణువులతో మొదలైనది చివరకు లక్షల గ్లూకోజు అణువులను బయటకు తెస్తుంది. ఎన్ని చేతులు ఉంటే అదుపు చేసుకొనుటకు అన్ని చోట్లు ఉంటాయి.

ఉపమానము ఎక్కడ కుంటుతున్నది?

తాళము–చెవి ఉపమానము 1894లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఎంజైములను గురించి చెప్పినది. ఒక ఎంజైము ఒక పదార్థము మీదనే ఎందుకు పనిచేస్తుందో చెప్పుటకు అది చక్కని ఉపమానము. ఆ మేరకు అది నేటికీ పనికివస్తుంది. ఎడ్రినలిను గ్రాహకములో ఇన్సులిను ఎందుకు ఇమడదో పిల్లలకు ఒక్క మాటలో తెలుస్తుంది. కాని కబురు సంగతికి వచ్చేసరికి అది మూడు చోట్ల కుంటుతుంది.

మొదటిది, తాళము ఇనుప వస్తువు. గ్రాహకము కదిలే వస్తువు. ఎడ్రినలిను గ్రాహకములలో బీటా-2 అనే రకము 413 అమైనో ఆమ్లముల గొలుసు. అది కణపు పొరను ఏడుసార్లు గుచ్చి కుట్టినట్లు లోపలికి, వెలుపలికి పోతుంది. హార్మోను వెలుపలి వైపు కూర్చున్నప్పుడు, లోపలి వైపున దాని ఆరవ దండము దాదాపు 14 ఆంగ్‌స్ట్రాములు పక్కకు జరుగుతుంది. ఆ ఖాళీలో జి-ప్రోటీను తన కొసను దూరుస్తుంది. పైగా హార్మోను లేనప్పుడు కూడ ఈ గ్రాహకము అప్పుడప్పుడు తనంతట తానే కొద్దిగా పనిచేస్తుంది. చెవి లేకుండా అప్పుడప్పుడు తెరుచుకొనే తాళమును ఎవరు కొంటారు?

రెండవది, ఇక్కడ తలుపు తెరుచుకోదు, లోపలికి ఎవరూ పోరు. వచ్చినవాడు గడప దగ్గరనే ఉండి మాట మాత్రము లోపలికి పంపుతాడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. తాళము ఉపమానములో ఆపుదల లేదు. జి-ప్రోటీను జి.టి.పి.ని పట్టుకొన్నంతసేపే మేలుకొని ఉంటుంది. కొంతసేపటికి అదే దానిని విరిచివేసి నిద్రపోతుంది. ఈ నిద్ర ఎంత అవసరమో కలరా చెబుతుంది. కలరా సూక్ష్మజీవి ఒక విషమును విడుస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గారు కుందేళ్ల పేగుల మీద ప్రయోగములతో చూపారు. ఆ విషము పేగు గోడలోని జి-ప్రోటీనును నిద్రపోనీయదని తరువాత తెలిసినది. సైక్లిక్ ఏ.ఎం.పి. పెరుగుతూనే ఉంటుంది, లవణములు, వాటితో నీరు పేగులోకి కారిపోతూనే ఉంటాయి. ఆపుదల లేని కబురు ప్రాణాంతకము.

విమర్శించినవాడు బదులుగా ఏదైనా చూపవలెను గదా. మార్కాపురము పలకలకు పేరుపడిన ఊరు. ఈ ప్రాంతపు పిల్లలకు పలకకంటె దగ్గరి వస్తువు ఉండదు. ప్రోటీను పలక, ఫాస్ఫేటు దాని మీద వ్రాసిన అక్షరము, కైనేజు బలపము పట్టిన చేయి, ఫాస్ఫేటును తీసివేసే ఫాస్ఫటేజు తడిగుడ్డ. వ్రాయడము ఎంత అవసరమో తుడవడము అంత అవసరము. తుడవని పలక మీద రెండవ లెక్క చేయలేము. ఈ ఉపమానమునకూ లోపము ఉన్నది. మన పలక మీద వ్రాస్తే పలక ఆకారము మారదు. ప్రోటీను ఆకారము మారుతుంది. ఆ మార్పే దాని పని. ఉపమానము చెప్పిన ఉపాధ్యాయుడు అది ఎక్కడ ఆగిపోతుందో కూడ అదే గంటలో చెప్పవలెనని నా అభిప్రాయము. ఆ ఒక్క వాక్యము వదిలివేయడము వల్లనే ఉపమానములు కాలక్రమమున అబద్ధములుగా మారుతున్నవి.

ఇరవై పేర్ల పుట

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాము. ఆ పత్రము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో బ్రయన్ కోబిల్కా ప్రయోగశాల నుంచి వచ్చినది. బీటా-2 గ్రాహకము జి-ప్రోటీనును పట్టుకొని ఉన్న క్షణమును స్ఫటికముగా చేసి, ఎక్స్-కిరణములతో చూచి, అణువుల అమరికను అందులో చూపారు. మరుసటి సంవత్సరము, 2012లో, రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము రాబర్ట్ లెఫ్కొవిట్జ్‌కు, కోబిల్కాకు వచ్చినది. వార్త ఈ రెండు పేర్లతో ముగిసినది.

ఆ పనిలో కష్టము ఎక్కడున్నదో చూడండి. ఎక్స్-కిరణములతో చూడవలెనంటే ప్రోటీను అణువులు లక్షల కొలదిగా ఒకే తీరున బారులు తీరి స్ఫటికము కావలెను. కదిలే ప్రోటీను బారులు తీరదు. కొవ్వు పొరలో బ్రతికే ప్రోటీనును బయటకు తీస్తే నిలువదు. గ్రాహకము, జి-ప్రోటీను ఒకదానినొకటి పట్టుకొనేది క్షణకాలము మాత్రమే. అందువల్ల పనిని పంచుకోవలసి వచ్చినది. పత్రములో మొదటి పేరు డెన్మార్కు దేశీయుడు సోరెన్ రాస్ముసెన్‌ది. జి-ప్రోటీను వైపు పని మిషిగన్ విశ్వవిద్యాలయములో రోజర్ సునహారా ప్రయోగశాలది. ఈ జంటను విడిపోకుండా బిగించి పట్టుటకు ఒక చిన్న ప్రతిదేహపు ముక్క కావలసి వచ్చినది. ఒంటె కుటుంబమునకు చెందిన లామా అనే జంతువు నుంచి దానిని తెచ్చినది బ్రస్సెల్స్‌లోని యాన్ స్టేయర్ట్, ఎల్స్ పార్డన్ గారలు. కొవ్వులో ఉంచి స్ఫటికము చేయుటకు తగిన ప్రత్యేక కొవ్వును సమకూర్చినది ఐర్లండులో మార్టిన్ కాఫ్రీ బృందము. ప్రోటీను చెడకుండా నిలిపే కొత్త రకపు సబ్బు వంటి పదార్థమును తయారుచేసినది విస్కాన్సిన్‌లో శామ్యూల్ గెల్మన్ బృందము. జంట నిజముగా జంటగానే ఉన్నదో లేదో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి చెప్పినది జార్జియోస్ స్కినియోటిస్. ఫోన్ సున్ థియాన్, టోంగ్ సున్ కోబిల్కా అనేవారి పేర్లు కూడ ఈ ఇరవైలో ఉన్నవి. టోంగ్ సున్ గారు కోబిల్కా భార్య. ఆ ప్రయోగశాలలోనే ఏండ్ల తరబడి పనిచేసినవారు.

వీరిలో ఏ ఒక్కరిని తీసివేసినా ఆ స్ఫటికము అప్పటికి వచ్చేదని చెప్పలేము. అయితే ఇక్కడ రెండవ తప్పు చేయరాదు. ఇరవైమందీ సమానమేనని చెప్పడము కూడ అసత్యమే. లెఫ్కొవిట్జ్ ప్రయోగశాలలో 1986లో ఈ గ్రాహకపు జన్యువును పట్టుకొన్న బృందములో కోబిల్కా ఒక యువకుడు. దాని గొలుసును చదివి, కంటిలోని రొడాప్సిన్ అనే ప్రోటీనుకు, దీనికి పోలిక ఉన్నదని, ఇవి ఒకే పెద్ద కుటుంబమని అప్పుడే గుర్తించారు. మానవులలో ఆ కుటుంబము వారు సుమారు 800 అని నేడు తెలుసు. ఆ 1986 నుంచి 2007లో మొదటి నిర్మాణము వెలువడేవరకు ఇరవై ఒక్క సంవత్సరములు ఒకే ప్రశ్నను విడువక పట్టుకొన్న మనిషి ఆయన. ఏ చేతికి ఏ పని ఇవ్వవలెనో తెలిసిన మనిషి. నాయకత్వము నిజము, అది ఒంటరితనము కాదు.

కాబట్టి ఆ విద్యార్థికి నేను చెప్పవలసిన సమాధానము ఇది: “కనిపెట్టినాయన ఎవరు అనేది ఈ పుటకు సరిపోయే ప్రశ్న కాదు. ఎవరు ఏమి చేశారు అని అడుగు.” ఇట్టి పత్రములలో సాధారణముగా మొదటి పేరు చేతులతో ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. ఈ వాడుకను పదవ తరగతి పిల్లలకు కూడ అయిదు నిమిషములలో చెప్పవచ్చును. ఎందుకో మనము చెప్పము.

ఈ పని వల్ల ఏమి లాభమని అడిగేవారికి ఒక మాట. ఉబ్బసము రోగి పీల్చే సాల్బుటమాల్ మందు పనిచేసేది ఈ బీటా-2 గ్రాహకము మీదనే. మన ఊళ్ల మందుల దుకాణములలో దొరికే వస్తువు అది.

మన సుబ్బారావు గారి కథ

ఈ విమర్శ దూరదేశముల వారి వరకే అయితే సులభము. మన ఇంటి కథకు కూడ దీనిని అన్వయించవలెను. తెలుగులో విజ్ఞానవేత్తల జీవితములను వ్రాసేవారు తప్పక వ్రాసేది ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని గురించి. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో బోస్టను చేరి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ సంస్థకు పోయి, 1948లో అక్కడనే కన్నుమూసినారు. ఆయన గొప్పతనమును గురించి నాకు సందేహము లేదు. నా ఫిర్యాదు ఆ గొప్పతనమును మనము చెప్పే తీరు మీద.

మన వ్యాసములలో తరచుగా కనిపించే వరుస ఇది: ఏ.టి.పి.ని కనుగొన్నది ఆయనే; ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది ఆయనే; ఆరియోమైసినును కనిపెట్టినది ఆయనే; క్యాన్సరుకు మందు ఇచ్చినది ఆయనే. అన్నిటికీ ‘ఆయనే’. చరిత్రను దగ్గరగా చూస్తే ప్రతి చోటా ఇతరులు కనిపిస్తారు. కండరములోని ఫాస్ఫోక్రియాటిను 1927లోను, ఏ.టి.పి. 1929లోను సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏ.టి.పి.ని వేరుచేశారు. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమును, తయారీని తెలిపే 1946 నాటి పత్రము మీద పదహారు పేర్లు ఉన్నవి. వాటిలో సుబ్బారావు గారి పేరు ఒకటి. ఆరియోమైసినును ఇచ్చే సూక్ష్మజీవిని మట్టి నుంచి పట్టినది బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఎమినోప్టెరిన్ అనే మందుతో చిన్నపిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికముగా అణచవచ్చునని 1948లో చూపినది వైద్యుడు సిడ్నీ ఫార్బర్. ఆ మందును చేసి ఇచ్చినది సుబ్బారావు గారి బృందము.

ఇట్లా చెబితే ఆయన చిన్నవాడవుతాడా? నాకు అట్లా తోచదు. ఇన్ని రంగముల వారిని ఒకచోట కూర్చి, ఎవరి చేతికి ఏ పని ఇవ్వవలెనో తెలిసి, తన పేరు వెనుకనున్నా నడిపించిన మనిషి ఇంకా పెద్దవాడవుతాడు. ‘ఆయనే’ అని వ్రాసేవారు ఆయనలోని అసలు నేర్పును చెరిపివేస్తున్నారు.

మరొక నష్టము ఉన్నది. ‘ఆయనే’ల వరుసలో పడి మనము ఆయన చేతిపనిని చెప్పడము మరచిపోతున్నాము. 1925లో ఫిస్కే, సుబ్బారావు గారలు ఫాస్ఫరసును కొలిచే ఒక పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేటు ఉన్న ద్రవమునకు ఆమ్లములో మాలిబ్డేటును కలిపి, తగిన క్షయకరణిని చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనయితే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ పద్ధతిని కండరపు రసము మీద వాడినప్పుడు రంగు రావలసినంత త్వరగా రాక, ఆలస్యముగా పెరగడము వారు గమనించారు. మరొకరైతే పద్ధతిలో లోపమని వదిలివేసేవారు. వారు మాత్రము, ఆమ్లములో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థము ఏదో ఉన్నదని ఊహించారు. అదే ఫాస్ఫోక్రియాటిను. ఏ.టి.పి. కూడ ఈ దారిలోనే దొరికినది.

కణముల కబురు కథలో ఈ నీలిరంగునకు చోటు ఉన్నది. కైనేజులు వ్రాసే అక్షరము ఫాస్ఫేటు. ఆ ఫాస్ఫేటు వచ్చేది ఏ.టి.పి. నుంచి. 1991లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియెగో శాఖలో సూసన్ టేలర్ గారు, ఆమె సహచరులు ఒక కైనేజు నిర్మాణమును మొట్టమొదటిసారిగా స్ఫటికములతో చూపినప్పుడు, రెండు తమ్మెల నడుమ ఏ.టి.పి. ఇమిడే సందు స్పష్టముగా కనిపించినది. సుబ్బారావు గారి గాజు గొట్టములోని రంగునకు, ఆ సందునకు మధ్య 66 సంవత్సరములు, వందల చేతులు. ఈ సంబంధమును చెప్పిన తెలుగు వ్యాసము నా కంటబడలేదు. బహుమానము రాలేదన్న విచారము మాత్రము ప్రతి వ్యాసములోను కంటబడినది.

ఫ్లోరైడు సంగతి

మా ప్రాంతపు విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ మరొకటి చెప్పి ముగిస్తాను. పశ్చిమ ప్రకాశములో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. తరగతిలో ముందు వరుస పిల్లలు నవ్వితే పళ్ల మీది గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఫ్లోరైడు అనగానే తరగతి అంతా చెవులు నిక్కబొడుచుకొంటుంది.

జి-ప్రోటీనుల చరిత్రలో ఫ్లోరైడునకు విచిత్రమైన పాత్ర ఉన్నది. హార్మోను లేకుండానే ఫ్లోరైడు కలిపితే సైక్లిక్ ఏ.ఎం.పి. పుడుతుందని సదర్లాండు కాలము నుంచీ తెలుసు. కారణము తెలియదు. గిల్మన్ ప్రయోగశాలలో పాల్ స్టెర్న్‌వైస్ ప్రోటీనును శుద్ధి చేసి చూడగా, ఫ్లోరైడు ఒక్కటే చాలడము లేదు, మరేదో కావలెను. అది అమ్మకపు ఏ.టి.పి.లో ఉన్నది, చిత్రమేమనగా, గాజు పరీక్షనాళికలను కడిగిన నీటిలో కూడ ఉన్నది. వెదకగా అది అల్యూమినియమని తేలినది. 1982లో ఆ సంగతిని ప్రకటించారు. అల్యూమినియము, ఫ్లోరైడు కలిసి ఏర్పడిన చిన్న ముక్క జి-ప్రోటీనులో ఫాస్ఫేటు కూర్చోవలసిన చోట కూర్చుండి, జి.టి.పి. ఉన్నదని దానిని భ్రమింపజేస్తుంది. 1994లో ఏల్ విశ్వవిద్యాలయములోను, డల్లాసులోను రెండు స్ఫటిక బృందములు ఆ ముక్క ఆ స్థానములో కూర్చున్న దృశ్యమునే చూపాయి.

గాజు నుంచి కరిగి వచ్చిన మలినమును పట్టుకొనుటకు గాజు నాళికలను కడిగే మనిషి బుద్ధి కావలెను. నాళికలు కడగడము తక్కువ పని అని నేర్పే బడిలో ఇట్టి పరిశోధకుడు పుట్టడు.

కాని ఇక్కడ వ్యాసకర్తలకు ఒక పెద్ద ప్రమాదము ఉన్నది. ‘ఫ్లోరైడు కణముల కబురును చెడగొడుతుంది, మన ఊరి రోగమునకు ఇదే కారణము, అల్యూమినియము గిన్నెలను పారవేయండి’ అని వ్రాస్తే వ్యాసము బాగా చదువబడుతుంది. ఆ ప్రయోగము ఆ మాట చెప్పదు. ఇట్టి ప్రయోగములలో వాడుకగా కలిపేది 10 మిల్లీమోలార్ ఫ్లోరైడు. అనగా లీటరుకు 190 మిల్లీగ్రాములు. త్రాగునీటికి మన దేశములో పెట్టిన గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. రెంటికీ నూరు రెట్లకు పైగా తేడా ఉన్నది. పళ్లు చారలు పడడమునకు, ఎముకలు బిగుసుకొనడమునకు ముఖ్య కారణము ఫ్లోరైడు ఎముక, పంటి ఖనిజములో చేరి దాని పెరుగుదలను మార్చడమే. ఈ హెచ్చరిక లేకుండా 1982 నాటి ప్రయోగమును మా పిల్లలకు చెప్పడము వారిని భయపెట్టడమే అవుతుంది. హెచ్చరికతో చెబితే, లెక్క కట్టి నమ్మడము నేర్పినట్లవుతుంది.

వ్రాసేవారికి, చెప్పేవారికి

నా మనవి మూడు మాటలలో చెప్పవచ్చును. ఒకటి, ఒక సంగతిని ఒకరి పేరుతో చెప్పినప్పుడు, ఆ పనిలో మరొక చేయి ఎవరిదో కనీసము ఒక్కటైనా చెప్పండి. రెండు, ఉపమానము చెప్పినప్పుడు అది ఎక్కడ ఆగుతుందో చెప్పండి. మూడు, ప్రయోగము నుంచి మన ఇంటికి దూకేముందు పాళ్లు లెక్కకట్టండి.

ఇవి చిన్న సంగతులే. కాని వీటిలో మా ప్రాంతపు పిల్లల భవిష్యత్తు కొంత ఉన్నదని నేను నమ్ముతున్నాను. మహనీయుల బొమ్మల వరుసను చూచిన పిల్లవాడు దండము పెట్టి వెళ్లిపోతాడు. అక్కడ తనకు పని ఉన్నదని అతనికి తోచదు. ఇరవై పేర్ల పుటను, ఆ ఇరవైమంది చేసిన ఇరవై పనులను చూచినవాడు వాటిలో తనకు చేతనైనది ఏదో వెదుకుతాడు.

ప్రశ్న అడిగిన ఆ విద్యార్థి మరునాడు ప్రయోగశాలకు వచ్చి, ఆ పుటను మరల చూపమని అడిగాడు. మొదటి నుంచి చివరి వరకు పేర్లను మెల్లగా చదివి, “సార్, ఈ థియాన్ అనే ఆమె ఏం చేసింది?” అన్నాడు. ఆ ప్రశ్న సరియైనది. దానికి ఆనాడు నా దగ్గర సమాధానము లేదు. పుస్తకములు వెదకి చెబుతానని ఒప్పుకొన్నాను. ఉపాధ్యాయుడు అట్లా ఒప్పుకొనవలసిన ప్రశ్నలు తరగతిలో ఎక్కువయ్యేటట్లు మన వ్యాసములు ఉండవలెనని కోరుతున్నాను.